తిరుపతి చుట్టుపక్కల మీద తెలుగు సైటు: మే నుంచి డిసెంబరు దాకా ప్రాజెక్టు డైరీ

మే 2025

పని ఏంటో ముందు చెప్తా. తిరుపతిలో పొద్దున బస్సెక్కి వెళ్లి, పని చూసుకుని, సాయంత్రానికి ఇంటికి రాగలిగినంత దూరంలో ఉన్న విషయాల మీద మాత్రమే తెలుగులో ఒక సైటు నడపాలి. దాని మీద నెలనెలా ఎంతో కొంత ఆదాయం రావాలి. ఇంతకుముందు ఒక ఏజెన్సీకి పదానికి ఇంత అని రాసేదాన్ని. ఇన్సూరెన్స్, జుట్టు రాలడం, కొత్త ఫోన్లు, ఏది చెప్తే అది. అలాంటి విషయాల్లో పెద్ద పెద్ద సైట్లు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుని రాయిస్తాయి, ఇంట్లో కూర్చుని ఒక్కదాన్నే వాటితో పోటీపడటం కుదరదు. పైగా తెలుగు పేజీకి వచ్చే యాడ్ రేటు ఇంగ్లీషు పేజీ కంటే బాగా తక్కువ, కాబట్టి వాళ్లు రాసిందే నేనూ రాస్తే మిగిలేది ఏమీ ఉండదు. వాళ్లు రాయలేనిది, నేను నడిచి వెళ్లి చూసి రాయగలిగినది ఏంటి అని ఆలోచిస్తే మా ఊరే కనిపించింది.

మొదటి పేజీ మా ఊరి గంగమ్మ తల్లికి చేసే గంగజాతర మీద. అవిలాల నుంచి పుట్టింటి సారె రావడం, చాటింపు, ఆ తర్వాత బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొక వేషం కట్టి భక్తులు మొక్కు తీర్చుకుంటారు. మా ఇళ్లల్లో ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు, కానీ బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉన్న తిరుపతి వాళ్లు "ఈసారి మాతంగి వేషం ఏ రోజు పడింది" అని ఫోన్‌లో వెతుకుతారు, ఎందుకంటే లీవు పెట్టాలి, టికెట్ చేసుకోవాలి, మొక్కుంటే వేషానికి బట్టలు సిద్ధం చేసుకోవాలి. వాళ్లకి కావాల్సింది జాతర చరిత్ర మీద వ్యాసం కాదు, తేదీలు, గుడి దగ్గర బండి ఎక్కడ పెట్టాలి, చిన్నపిల్లలతో ఏ వేళకి వెళ్తే తొక్కిడి తక్కువ, ఇవి. పేజీ మొత్తం ఆ క్రమంలోనే రాశాను, చరిత్ర చివర్లో పెట్టాను.

ఇక్కడ ఒక సలహా. పండగలు, జాతరల పేజీల లింకులో సంవత్సరం పెట్టొద్దు. ప్రతి ఏడూ అదే పేజీని తిరగరాయాలి. పేజీ పాతబడే కొద్దీ సెర్చ్‌లో దానికి బలం వస్తుంది, ఏటా కొత్త పేజీ తెరిస్తే ఏటా మొదటి నుంచి మొదలుపెట్టినట్టే. హెడ్డింగులో సంవత్సరం మార్చుకుంటే చాలు.

జూన్ మొదటి వారం

సెటప్ సంగతులు. డబ్బు పెట్టలేనివాళ్లకి గూగుల్ వాళ్ల బ్లాగర్ ఇప్పటికీ మంచిదే, హోస్టింగ్ (సైటుని నెట్‌లో ఉంచే చోటు) ఖర్చు లేదు, సొంత డొమైన్ (సైటు పేరు) కూడా తగిలించుకోవచ్చు. నేను వర్డ్‌ప్రెస్ తీసుకున్నాను, ఎందుకంటే ముందుముందు క్లయింట్ల సైట్లు కూడా చేయాలి, అదే చేత్తో ఇది కూడా నేర్చుకోవాలి. హోస్టింగ్ కొనేటప్పుడు మొదటి ఏడాది రేటు చూసి మురిసిపోకుండా రెన్యువల్ రేటు ఎంతో చూడండి, అది రెండు మూడింతలు ఉంటుంది చాలాచోట్ల. డొమైన్‌కీ అంతే.

తెలుగు ఫాంట్ విషయంలో చాలామంది శ్రద్ధ పెట్టరు, అది నాకు బాధగా ఉంటుంది. గూగుల్ ఫాంట్స్‌లో నోటో శాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి ఉచితంగా ఉన్నాయి. రామభద్ర హెడ్డింగులకి బాగుంటుంది, వ్యాసం మొత్తానికి పెడితే కళ్లు లాగుతాయి. వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకి పెట్టినంత పెడితే పై వరస వత్తులు కింది వరస గుడులకి తగులుకుంటాయి. అక్షరం సైజుకి 1.7, 1.8 రెట్లు ఎడం పెట్టాక నా పేజీ మా అమ్మ కళ్లజోడు లేకుండా చదివింది. అమ్మ లాంటి వాళ్లే నా పాఠకులు.

లింకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టాలి. తెలుగులో పెడితే వాట్సాప్‌లో పంపినప్పుడు శాతం గుర్తులు, అంకెలతో బారెడు పొడుగు అవుతుంది, ఏదో మోసపు లింకు అనుకుని ఎవరూ నొక్కరు. ఇంకో సంగతి, మనవాళ్లలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు, అందులోనూ తిరుపతిలో 'తి'కి హెచ్ పెట్టేవాళ్లు కొందరు, పెట్టనివాళ్లు కొందరు. గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ పెట్టుకుంటే జనం అసలు ఏ మాటలు కొట్టి మన పేజీకి వచ్చారో కనిపిస్తుంది. నేను వారానికోసారి ఆ జాబితా కాగితం మీద రాసుకుంటాను, నా తర్వాతి పేజీల ఆలోచనలన్నీ అక్కడి నుంచే.

జూన్ చివర, జూలై

మామిడి. చిత్తూరు జిల్లా వైపు జూన్, జూలై అంటే ఇంకో మాటే ఉండదు. ఈ ఏడు తోతాపురి రైతుల పరిస్థితి చూసినవాళ్లకి తెలుసు, కాయ విరగ్గాసింది, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, రేటు పడిపోయింది. ప్రభుత్వం కిలోకి 12 రూపాయలు అని ప్రకటించింది, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అన్నారు. ఆ 4 రూపాయలు ఎవరికి వస్తాయి, ఏ కాగితాలు కావాలి, ఎక్కడ పేరు రాయించుకోవాలి అన్నది రైతులు వాట్సాప్‌లో ఒకరినొకరు అడుగుతున్నారు. వచ్చే మెసేజుల్లో సగం ఒకదానికొకటి పొంతన లేనివి.

నేను మామిడి మండీలున్న దామలచెరువు వెళ్లాను. మండీల దగ్గర పొద్దున్నే నిలబడితే అరగంటలో రేటు తెలుస్తుంది. ఒక మండీ ఆయన "ఏం పాపా, నువ్వేమన్నా పేపరోళ్లా?" అని అడిగాడు. కాదన్నా, రేటు రోజూ ఫోన్‌లో పెడతా, ఊళ్లో ఉండే రైతు లోడు ఎత్తకముందే చూసుకుంటాడు అని చెప్పాను. అప్పటి నుంచి పొద్దున "అన్నా, ఈ పొద్దు ఎంత?" అని ఫోన్ చేస్తే చెప్పేవాడు. బంగారుపాళ్యం వైపు మా మేనమామ కొడుకు చెప్పేవాడు. రెండిటినీ పక్కపక్కన పెట్టి, ఎవరి దగ్గర, ఎన్ని గంటలకి తెలుసుకున్నదో రాసేదాన్ని. కిలో రేటు కాదు, రైతులు మాట్లాడుకునేది టన్నుల్లో కాబట్టి టన్ను రేటు.

ఈ పేజీకి అంతకుముందు ఏ పేజీకీ రానంత మంది వచ్చారు. సీజన్ అయిపోగానే ఒక్కసారిగా ఆగిపోయారు కూడా. దీనికి దిగులుపడక్కర్లేదు, మన ప్రాంతంలో ప్రతి నెలకీ ఒక సీజన్ ఉంది. మేలో గంగమ్మ, జూన్, జూలైలలో మామిడి, వినాయక చవితి నుంచి కాణిపాకంలో 21 రోజుల ఉత్సవాలు, తమిళుల పురటాసి నెల, బ్రహ్మోత్సవాలు, కార్తీకంలో తిరుచానూరు, ధనుర్మాసంలో వైకుంఠ ఏకాదశి, శివరాత్రికి శ్రీకాళహస్తి. పేజీ సీజన్‌కి కనీసం ఆరు వారాల ముందు సిద్ధంగా ఉంటే గూగుల్ దాన్ని చూసి, అర్థం చేసుకుని, పైకి తేవడానికి టైము దొరుకుతుంది. పండగ ముందు రోజు రాత్రి కూర్చుని రాసిన పేజీ పండగ అయిపోయాక పైకి వస్తుంది.

రైతులు చదివే పేజీలో యాడ్లు పెట్టలేదు. పెట్టడానికి చేతులు రాలేదు.

ఆగస్టు

మొదటి నిజమైన డబ్బు ఈ నెల వచ్చింది, అది యాడ్ల మీద కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ చీరలు, పటాలు చేసే ఒక కుటుంబం ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. వాళ్లమ్మాయి నా మామిడి పేజీ చూసి ఫోన్ చేసింది, "అక్కా, మా సరుకు గురించి కూడా అట్లా రాస్తారా, చూసినట్టుగా" అని. అప్పటికి వాళ్ల పేజీలో ప్రతి చీర కింద "అందమైన సాంప్రదాయ డిజైన్, అన్ని సందర్భాలకూ సరిపోతుంది" అని ఒకటే వాక్యం ఉంది. ఆ వాక్యం చదివి ఎవరూ చీర కొనరు.

వెళ్లి రోజంతా కూర్చున్నాను. గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు, పాలలో కొవ్వు ఉండటం వల్ల గీసిన గీత గుడ్డ మీద పాకిపోదు. వెదురు పుల్లకి ఉన్నో గుడ్డో చుట్టి దారంతో బిగించిందే కలం, ఆ చుట్టని వేళ్లతో నొక్కుతుంటే రంగు కిందికి దిగుతుంది. నల్ల గీతకి వాడే కసిమి బెల్లం, ఇనుప ముక్కలు నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి చేస్తారు. గీసినప్పుడు ఆ గీత పలచగా ఉంటుంది, కరక్కాయ పట్టిన గుడ్డ మీద కాసేపటికి నల్లగా తేలుతుంది. ఎరుపు రావాలంటే ముందు పటిక నీళ్లు పూయాలి. ఇదంతా అక్కడి పెద్దాయన చేస్తూనే చెప్పాడు, "రాసుకో పాపా, కొనేవాళ్లకి కూడా తెలియాల కదా" అంటూ.

ఆ తర్వాత నేను రాసింది ఇది. ప్రతి చీర కింద దాన్ని ఎన్ని రోజులు గీశారు, ఏ రంగు దేని నుంచి వచ్చింది, మొదటిసారి విప్పినప్పుడు పాల వాసన లాంటిది ఎందుకు వస్తుంది, ఎలా ఉతకాలి, నీడలోనే ఎందుకు ఆరబెట్టాలి. పాల వాసన గురించి చెప్పకపోవడం వల్ల ఇంతకుముందు చీరలు వెనక్కి వచ్చేవట, పాత సరుకు అనుకుని. ఇంకా ఒక పెద్ద పేజీ విడిగా రాశాను, కాళహస్తి చేతిరాత కలంకారీ, పెడన అచ్చు కలంకారీ, స్క్రీన్ ప్రింటు మూడూ ఎలా గుర్తుపట్టాలి అని. పెడనది చెక్క అచ్చులతో వేసే వేరే పద్ధతి, దానికీ విడిగా భౌగోళిక గుర్తింపు ఉంది, కాబట్టి దాన్ని తక్కువ చేసి రాయకూడదు. మోసం ఎక్కడుందంటే మిషన్ మీద ప్రింటు కొట్టి చేతిరాత అని అమ్మడంలో. చేతిరాతలో రెండు పువ్వులు ఒకేలా ఉండవు, గీత మందం మారుతూ ఉంటుంది, చాలాసార్లు వెనకవైపుకి కూడా రంగు దిగి ఉంటుంది. ఈ పేజీ వాళ్లకి ఇప్పటికీ కొనేవాళ్లని తెస్తోంది.

డబ్బు విషయం నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం చెప్తున్నా. పదానికి ఇంత అని ఒప్పుకోవద్దు, పేజీకి ఇంత అని మాట్లాడుకోండి, అందులో వెళ్లి చూడటం, ఫొటోలు, రెండుసార్లు దిద్దడం కలిపి చెప్పండి. సగం ముందే తీసుకోండి. నేను వేరే ఒక చిన్న వ్యాపారానికి మాట మీద నమ్మి రాసిస్తే బిల్లు నెలల తరబడి తిప్పారు, కాబట్టి ఇప్పుడు వాట్సాప్‌లో అయినా సరే ఏం రాస్తాను, ఎప్పుడిస్తాను, ఎంత అన్నది ముందు పంపి, "సరే" అన్న మెసేజ్ వచ్చాకే మొదలుపెడతాను. యూపీఐలో అడ్వాన్స్ పడిన తర్వాతే బస్సెక్కడం.

సెప్టెంబరు, అక్టోబరు

బ్రహ్మోత్సవాలు ఈసారి సెప్టెంబరు 24 నుంచి అక్టోబరు 2 దాకా, గరుడ సేవ 28న. సైటుకి అన్ని నెలల కంటే ఎక్కువ మంది వచ్చిన నెల ఇది. నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టిన నెల కూడా.

ఎందుకంటే తిరుమల గురించి రాసేటప్పుడు తప్పు రాస్తే జనం నిజంగా ఇబ్బంది పడతారు. ఈ ఏడాది జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో బైరాగిపట్టెడ దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఆ టోకెన్ల కేంద్రం మా ఇంటి నుంచి దూరం కూడా కాదు. టోకెన్లు ఎక్కడ, ఎప్పుడు, ఇప్పుడు ఇస్తున్నారా లేదా అనే మూడు మాటలు సరిగ్గా రాయడం నా వరకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే పెద్ద బాధ్యత. పాత పేజీలు చూడండి, 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడి జరిగాక పిల్లల్ని తీసుకెళ్లే వేళల మీద ఆంక్షలు వచ్చాయి, అప్పటికి ముందు రాసినవి ఇంకా అలాగే సెర్చ్‌లో పైన కనిపిస్తున్నాయి. ఈ ఆగస్టు 15 నుంచి అలిపిరి దగ్గర వాహనాలకి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. గరుడ సేవ సమయంలో ఘాట్ రోడ్ల మీద టూవీలర్లు ఆపేస్తారు. ఇవేవీ తెలియకుండా కడప నుంచో వేలూరు నుంచో కుటుంబంతో బండి మీద వచ్చి అలిపిరి దగ్గర నిలబడిపోయేవాళ్లని ఏటా చూస్తాం.

అందుకని ప్రతి తిరుమల పేజీ పైన "ఈ విషయం ఫలానా తేదీన, ఫలానా చోట చూసి రాసింది" అని పెట్టాను. టీటీడీ అధికారిక సైటు లింకు దాని పక్కనే. టోకెన్లిచ్చే టీటీడీ వసతి గృహాల్లో విష్ణు నివాసం రైల్వే స్టేషన్ ఎదురుగా, శ్రీనివాసం బస్టాండు ఎదురుగా, రెండూ నేను మార్కెట్‌కి వెళ్తూ ఆగి చూడగలిగినవే, కాబట్టి చూడకుండా రాయడానికి నాకు సాకు లేదు. ఇంకో చిన్న విషయం, సెల్‌ఫోన్ క్యూలోకి తీసుకెళ్లనివ్వరు, ముందే డిపాజిట్ చేయాలి. అంటే నా పేజీ చదివేవాళ్లు బస్సులోనో రైల్లోనో చదువుతారు, లోపలికి వెళ్లాక చూసుకోలేరు. అందుకే కాగితం మీద రాసుకోవాల్సిన నాలుగు మాటల్ని పేజీ మొదట్లోనే పెట్టాను, ఏ కార్డు ఉండాలి, ఫోన్ ఎక్కడ పెట్టాలి, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి అని.

అలిపిరి మెట్లు 3,550, శ్రీవారి మెట్టు 2,388. ఈ రెండు అంకెల కోసం ఎవరూ మన పేజీ తెరవరు ఇప్పుడు, సెర్చ్ పైనే ఏఐ జవాబు చెప్పేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్ల మనిషి ఏ దారి ఎంచుకోవాలి, శ్రీవారి మెట్టుకి వెళ్లాలంటే శ్రీనివాసమంగాపురం వైపు ఏ బస్సెక్కాలి, దిగాక ఎంత నడవాలి, సామాను పైకి పంపితే ఎక్కడ తీసుకోవాలి, ఇలాంటివాటికే ఇంకా పేజీ తెరుస్తున్నారు. చాట్‌బాట్‌తో వందల పేజీలు తయారుచేసి పడేస్తే డబ్బొస్తుందని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి, నమ్మొద్దు. మనిషి రాసినా మిషన్ రాసినా కుప్పలుతెప్పలుగా పనికిరాని పేజీలు పోయడాన్ని 2024 మార్చిలోనే గూగుల్ తన స్పామ్ నియమాల్లో చేర్చింది. నేను చాట్‌బాట్‌ని అక్షరదోషాలు చూసుకోవడానికి వాడతాను, బస్సు టైములు మాత్రం దాన్ని అడగను.

యాడ్లు ఈ నెలలోనే పెట్టాను. సైట్లలో యాడ్లు వేసి డబ్బిచ్చే గూగుల్ వాళ్ల యాడ్‌సెన్స్‌లో తెలుగు 2018 నుంచీ ఉంది. అప్లై చేసే ముందే సైటులో నా గురించి, సంప్రదించడానికి, ప్రైవసీ పాలసీ పేజీలు ఉండాలి, వ్యాసాలు నిజంగా నిండుగా ఉండాలి. పెట్టిన వెంటనే చేసిన పని, బ్లాకింగ్ కంట్రోల్స్‌లోకి వెళ్లి జ్యోతిషం, వశీకరణం లాంటి వర్గాన్ని ఆపేయడం. దర్శనం టికెట్లు ఇప్పిస్తామనే యాడ్ ఎప్పుడు కనబడినా ఆ అడ్రసు బ్లాక్ చేస్తాను. దీనివల్ల ఆదాయం తగ్గుతుంది, తగ్గనీ. భక్తుడు నా పేజీ చదివి పక్కనున్న యాడ్ నొక్కి దళారి చేతిలో పడితే నేను రాసిన జాగ్రత్తలకి అర్థం ఏముంది? మీ యాడ్ల మీద మీరు కానీ మీ ఇంట్లోవాళ్లు కానీ నొక్కొద్దు, చుట్టాలకి కూడా "ఒక నొక్కు నొక్కండి" అని చెప్పొద్దు, అకౌంట్ పోతుంది.

నవంబరు

ఖాతాలో 10 డాలర్లు దాటాక గూగుల్ వాళ్లు అడ్రసు నిర్ధారణకి పోస్టులో పిన్ పంపిస్తారు. మామూలు ఉత్తరంలా వస్తుంది, రిజిస్టర్డ్ కాదు. డోర్ నంబరు, వీధి, పిన్‌కోడ్ మన పోస్టుమ్యాన్‌కి అర్థమయ్యేలా ఇవ్వండి, ఆయనకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. డబ్బు చేతికి రావాలంటే 100 డాలర్లు నిండాలి, నిండిన తర్వాతి నెల 21 నుంచి 26 మధ్య పంపుతారు. తెలుగు సైటుకి ఆ వంద నిండటానికి చాలా ఓపిక కావాలి, అందుకే క్లయింట్ల పని పక్కన ఉండాలని అంటున్నాను. బయటి దేశం నుంచి డబ్బు జమ కావడానికి బ్యాంకులో స్విఫ్ట్ కోడ్ అడగాలి. చిన్న బ్రాంచీలకి సొంత కోడ్ ఉండదు, పెద్ద బ్రాంచిది ఇస్తారు, అది సరిపోతుంది. మొదటిసారి డబ్బు వచ్చినప్పుడు ఇది దేనికి వచ్చిందో చెప్పమని బ్యాంకు అడగొచ్చు, ప్రకటనల ఆదాయం అని రాసివ్వాలి.

ప్రతి రూపాయీ ఒక నోట్‌బుక్కులో, ఖర్చులు కూడా, బస్సు టికెట్లతో సహా. ఇది వృత్తి ఆదాయం కింద రిటర్నులో చూపించాల్సిందే. కంపెనీ క్లయింట్లు టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోసుకుని ఇస్తే అది ఆదాయపన్ను శాఖ సైటులో మన పేరు మీద పడిందో లేదో చూసుకోవాలి.

ఇదే నెలలో నా కలంకారీ పేజీని ఎవరో మక్కీకి మక్కీ ఎత్తి వాళ్ల సైటులో పెట్టుకున్నారు, పెద్దాయన చేతుల ఫొటోతో సహా. ఆ ఫొటో ఆయన్ని అడిగి తీసుకున్నది, ఈ సైటు కోసం మాత్రమే అని మాటిచ్చి తీసుకున్నది, అందుకే ఎక్కువ కోపం వచ్చింది. గూగుల్‌కి కాపీరైటు ఫిర్యాదు ఫారం ఉంది, అసలు ఫొటో ఫైలు, నా పేజీ తేదీ పెట్టి పంపాను. సెర్చ్‌లోంచి తీసేశారు. మీరు తీసిన ప్రతి ఫొటో ఒరిజినల్ దాచుకోండి, చిన్నది చేసింది మాత్రమే అప్‌లోడ్ చేయండి.

డిసెంబరు

ఇప్పటికి లెక్క చూస్తే వచ్చిన డబ్బులో చాలా భాగం క్లయింట్లకి రాసినదే, యాడ్లు దాని పక్కన చిన్నవి. ఆన్‌లైన్ షాపుల కమీషన్ లింకులు ఒకటి రెండు పేజీల్లో పెట్టాను, నడకదారికి పనికొచ్చే మోకాలి పట్టీ, టార్చి లాంటివి. అమెజాన్‌లో అయితే చేరిన 180 రోజుల్లో మూడు అమ్మకాలైనా జరగాలి, లేకపోతే అకౌంట్ మూసేస్తారు, కాబట్టి పేజీకి మనుషులు రావడం మొదలయ్యాకే చేరండి. అయితే ఆ క్లయింట్లందరూ వచ్చింది నా సైటు చూసే, అది లేకపోతే నేను ఎవరో వాళ్లకి తెలియదు.

ఒక లాడ్జి వాళ్లు తిరుమల పేజీలో తమ పేరు "మంచి గదులు" అని రాయమని, దానికి డబ్బిస్తామని అడిగారు. ఇది ప్రకటన అని పైన స్పష్టంగా రాస్తాను, గది చూసి రాస్తాను అన్నాను. 2021 నుంచి యాడ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ మార్గదర్శకాలు కూడా అదే చెప్తున్నాయి, డబ్బు తీసుకుంటే చెప్పి తీరాలి. వాళ్లు వద్దన్నారు. ఆ డబ్బు నాకు అవసరమే, అయినా ఆ నిర్ణయం విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

డిసెంబరు 30న వైకుంఠ ఏకాదశి. ఆ పేజీని రోజూ రెండుసార్లు చూస్తున్నాను, ఈ పది రోజుల పాటు దానిలో యాడ్లు తీసేశాను, పేజీ తొందరగా తెరుచుకోవాలి. ఆ తర్వాత ఫిబ్రవరి 15న శివరాత్రి, శ్రీకాళహస్తి పేజీలు జనవరి మొదటి వారానికల్లా పెట్టాలి. రాహుకేతు పూజ టికెట్ల కౌంటర్లు ఎక్కడున్నాయో, తిరుపతి నుంచి తెల్లవారుజామున మొదటి బస్సు ఎప్పుడో వెళ్లి చూసుకురావాలి. కలంకారీ వాళ్లమ్మాయి శివరాత్రి ఉత్సవాలకి వచ్చేవాళ్ల కోసం చిన్న పటాల మీద కొత్త పేజీలు అడిగింది, అడ్వాన్స్ కూడా వేసింది. రెండు పనులూ ఒకే బస్సులో అయిపోతాయి.